గీజరుకు పదకొండు అంచనాలు

జనవరి 9, గురువారం

అక్క మా చెల్లి దగ్గరికి వెళ్ళి నాలుగు రోజులైంది. మార్పు కోసం వెళ్ళింది. కాలు తగ్గేదాకా అక్కడే ఉండటం మంచిదని నేనే అన్నాను. సరిగ్గా చెప్పాలంటే, చెల్లి టాక్సీ తీసుకొచ్చి అక్క బట్టలు సంచీలో కుక్కుతుంటే నేను గుమ్మం పక్కన నిలబడి "అదే మంచిది" అన్నాను. ఎవరూ వినలేదనుకుంటా.

ఈ నోటుబుక్కు ఆఫీసుది. గీజరు పుస్తకం పని కోసం ఇచ్చారు. ముందు పేజీల నిండా మెకానిక్కుల నంబర్లు, వాళ్ళు చెప్పిన ధరలు. నేను వెనకనుంచి మొదలుపెడుతున్నాను. ఇంట్లో మాట్లాడే మనిషి లేకపోతే నోరు ఊరుకోదు. పొద్దున స్టవ్వుతో మాట్లాడాను. స్టవ్వుకన్నా కాగితం నయం.

జనవరి 10

చన్నీళ్ళ స్నానం ఆరోగ్యానికి మంచిదట. ఆ మాట అన్నవాణ్ణి జనవరిలో మా బాత్రూంలో అయిదు నిమిషాలు నిలబెట్టాలి.

జనవరి 12, ఆదివారం

పదకొండింటికి చెల్లికి ఫోన్ చేశాను.

"అక్క పడుకుందన్నయ్యా."

సాయంత్రం అయిదింటికి మళ్ళీ చేశాను.

"ఇప్పుడే పడుకుంది."

మందుల మత్తు అలాగే ఉంటుంది. షుగరు ఉంది కాబట్టి కాలిన పుండు మానడానికి టైము పడుతుందని డాక్టరు ముందే చెప్పాడు. నిద్ర మంచిదే.

మధ్యాహ్నమంతా ఖాళీ. ఖాళీగా ఉంటే మనసు కోర్టు తెరుస్తుంది. అందుకని జరిగింది జరిగినట్టు రాసుకుంటే ఎవరి తప్పెంతో తేలిపోతుందనుకున్నాను.

బావ పోయాక పన్నెండేళ్ళుగా అక్కా నేనూ ఈ ఫ్లాటులో ఉంటున్నాం. కొన్న డబ్బులో సగం తనది, సగం నాది. తనకు అరవై, నాకు యాభై నాలుగు. నాకు పెళ్ళి కాలేదు. సంబంధాలు రాక కాదు. వచ్చిన ప్రతిదానికీ "చూద్దాం" అన్నాను. నేను చూస్తూ ఉండగానే ఆ పిల్లలు వేరే పెళ్ళిళ్ళు చేసుకుని, ఇప్పుడు తమ పిల్లలకు సంబంధాలు చూస్తున్నారు. ఆఫీసులో నా వెనకాల నన్ను చూద్దాంగారు అంటారు. అక్క నా మొహానే అంటుంది.

గీజరు అక్టోబరు ఇరవై ఎనిమిదిన ఆగిపోయింది. నీళ్ళు కాగడం మానేశాయి, అంతే. సరిగ్గా ఆ వారమే, కంపెనీలకు పుస్తకాలు రాసిపెట్టే మా ఆఫీసులో ఈ పని నాకు అప్పజెప్పారు. "నీటి హీటరు రిపేరు ఖర్చులు: ఇంటివారు తెలుసుకోవలసినవి." పదహారు పేజీలు. గీజర్లు అమ్మే ఒక కంపెనీ ఉచితంగా పంచడానికి వేయిస్తోంది. గీజరును నీటి హీటరు అని ఆ కంపెనీవాళ్ళు తప్ప లోకంలో ఎవరూ అనరు. వాళ్ళ డబ్బు, వాళ్ళ ఇష్టం.

నాకొక ఆలోచన వచ్చింది. ఈ పుస్తకం రాస్తే ఏ రిపేరుకు ఎంత న్యాయమో నాకే తెలిసిపోతుంది. అప్పుడు మెకానిక్కును పిలిస్తే ఎవడూ నా నెత్తిన టోపీ పెట్టలేడు. "పుస్తకం అయ్యాక చేయిద్దాం అక్కా" అన్నాను.

"ఎప్పుడవుతుందిరా నీ పుస్తకం?"

"పది రోజులు."

అది అక్టోబరు. ఈలోగా నీళ్ళు స్టవ్వు మీద కాచుకోవడం మొదలైంది. జనవరి రెండున అక్క చేతిలోంచి గిన్నె జారి కాలి మీద పడింది. చప్పుడు వినగానే నేను అడిగాను. ఏమడిగానో గుర్తులేదు గానీ వెంటనే అడిగాను. టాక్సీ కూడా నేనే పిలిచాను.

ఇందులో నా ఆలోచన తప్పేమీ లేదు. ఎవరైనా అలాగే ఆలోచిస్తారు.

జనవరి 15

పుస్తకం ఆరో పేజీకి వచ్చింది. ఇప్పటిదాకా పదకొండుమంది మెకానిక్కులతో ఫోన్లో మాట్లాడాను. ఎవరినీ ఇంటికి పిలవలేదు. వస్తే, చూసినందుకే డబ్బు తీసుకుంటారు. రిపేరు చేయించినా చేయించకపోయినా ఆ డబ్బు వెనక్కి రాదు. ఇది రెండో పేజీలో రాశాను కూడా.

ఒకాయన కాయిల్ కాలిపోయిందన్నాడు. ఒకాయన థర్మోస్టాట్ అన్నాడు. ఇంకొకాయన నా గొంతు వినగానే ట్యాంకు తుప్పు పట్టిందని కనిపెట్టేసి, కొత్తది కొనుక్కోండి, పాతది నేనే తీసుకెళ్ళిపోతాను అన్నాడు, ఎంతో దయగా. అందరికన్నా తక్కువ చెప్పినవాడికీ అందరికన్నా ఎక్కువ చెప్పినవాడికీ తేడా ఏడింతలు. పట్టిక గీసి, సగటు కట్టాను. సగటు వచ్చింది గానీ ఆ సగటుకు రిపేరు చేసే మనిషి పదకొండుమందిలో ఒక్కడూ లేడు.

ట్యాంకు లోపల ఒక మెగ్నీషియం కడ్డీ ఉంటుంది. నీళ్ళలోని ఉప్పులు ముందు ఆ కడ్డీని తింటాయి. అది ఉన్నంతకాలం ట్యాంకు జోలికి రావు. రెండేళ్ళకోసారి కడ్డీ మారిస్తే పోయేదానికి, మార్చక ట్యాంకే పోగొట్టుకుంటారు. దీనికి కంపెనీవాళ్ళు త్యాగకడ్డీ అని పేరు పెట్టమన్నారు. అక్క ఉంటే, కడ్డీకి కూడా బిరుదులేమిట్రా అని పడీపడీ నవ్వేది. చెబుదామని వంటింటి దాకా వెళ్ళాను. గుమ్మం దగ్గర ఆగి వెనక్కి వచ్చేశాను.

జనవరి 18, శనివారం

పేపరులో ఇవాళ ఆరుగురు పోయారు. అక్క పేపరు వెనక పేజీతో మొదలుపెట్టేది. పోయినవాళ్ళ ఫోటోలు చూసి, "వీడు నాకన్నా చిన్నవాడు, తొందరేం వచ్చిందో" అనేది. "ఈవిడకి తొంభై ఒకటి, హాయిగా వెళ్ళింది" అనేది. తెలియనివాళ్ళందరికీ అలా వీడ్కోలు చెప్పాకే ముందు పేజీకి వచ్చేది. ఇవాళ ఆరుగురినీ నేనే చూశాను. నాకేం అనాలో తోచలేదు.

కుర్చీలు నాలుగు, ఒకటే వాడుతున్నాను. రాత్రికి రెండు గుడ్లు ఉడకబెట్టాను, పొరపాటున. రెండూ నేనే తిన్నాను.

పొద్దున ఏడింటికి బాత్రూం తలుపు మీద రెండు దెబ్బలు వినిపించేవి. ఇప్పుడు ఏడయిందని తెలియాలంటే గడియారం చూడాలి.

పక్క ఫ్లాటావిడ మెట్ల మీద ఆపింది. "మీ అక్కగారు కనబడట్లేదేంటండీ?"

"మార్పు కోసం వెళ్ళారండి."

"కాలు కాలిందని విన్నాను?"

"అందుకే మార్పు" అన్నాను. ఆవిడ ఇంకేం అడగలేదు. అడిగితే బాగుండేది.

జనవరి 19

చెల్లి ఫోన్ ఎత్తలేదు. నాలుగుసార్లు.

జనవరి 22, బుధవారం

ఎడిటరమ్మ నా పది పేజీలూ చదివింది. నాకన్నా పదేళ్ళు చిన్నది. కళ్ళజోడు నెత్తికి ఎక్కించిందంటే ఏదో ఉందన్నమాటే.

"బాగా రాశారండీ. పట్టిక కూడా ముచ్చటగా ఉంది. ఇందులో ఏ గీజరు ధరలండీ ఇవి?"

"మా ఇంటిదేనండి. పదకొండుమందిని అడిగి రాశాను."

"ఎవరు తెరిచి చూశారు?"

"ఎవరూ తెరవలేదు. ఫోన్లో చెప్పారు."

"తెరవకుండా వాళ్ళకెలా తెలుస్తుంది?"

"అంచనా అండి."

"ఏమండీ, కడుపు నొప్పని ఫోన్ చేస్తే పదకొండుమంది డాక్టర్లు పదకొండు రోగాలు చెప్తారు. అది పుస్తకం చేసి పంచుతామా? ఒక్కడిని పిలిచి తెరిపించండి. జరిగింది జరిగినట్టు రాయండి. అయినా, ఎప్పట్నుంచి పాడైపోయి ఉంది మీ గీజరు?"

"అక్టోబరు నుంచండి."

"మరి చలికాలమంతా ఏం చేశారు?"

"కాచుకున్నామండి" అన్నాను.

ఆవిడ కళ్ళజోడు కిందికి దించుకుని వేరే కాగితాలు తీసుకుంది.

జనవరి 25, శనివారం

 మెకానిక్ వచ్చి వెళ్ళి మూడు గంటలైంది. వరసగా రాస్తాను.

పట్టికలో ఏడో నంబరాయన. యాభై దాటిన మనిషి. కళ్ళజోడు ఒక పక్క దారంతో కట్టి ఉంది. చెప్పులు గుమ్మం బయట విడిచి, స్టూలు ఎక్కి, ముందు మెయిన్ కట్టేసి రమ్మన్నాడు. తర్వాత గీజరుతో మాట్లాడటం మొదలుపెట్టాడు. "ఏంటమ్మా నీ బాధ? ఎందుకలిగావు?"

కింద మూతకు నాలుగు స్క్రూలు. విప్పాడు. చేతిలైటు వేసి చూశాడు. చూపుడు వేలు లోపలికి పెట్టాడు. టక్కుమని చిన్న చప్పుడు.

"ఇప్పుడు వెయ్యండి సార్."

మెయిన్ వేశాను. గీజరు మీద ఎర్రలైటు వెలిగింది.

నాకు అర్థం కాలేదు. "ఏం మార్చారు?"

"ఏం మార్చలేదు. బటన్ నొక్కాను."

దిగి, లైటు నా చేతికిచ్చి నన్ను స్టూలు ఎక్కమన్నాడు. ఎక్కి చూశాను. వైర్ల మధ్య ఎర్రటి బటన్ ఒకటి, చొక్కా గుండీ కన్నా చిన్నది. నీళ్ళు మరీ ఎక్కువ కాగితే ప్రమాదం రాకుండా అదే కరెంటు ఆపేస్తుందట. మళ్ళీ ఎవరైనా నొక్కేదాకా రానివ్వదట.

"వేడి పెంచే ఈ మరను ఎవరు సార్ చివరికంటా తిప్పింది? దీన్ని ఇంత పైన పెట్టకూడదు. ముప్పాతిక దగ్గర ఉంచండి. ఊరికే బటన్ నొక్కి వదిలెయ్యడం కూడా తప్పే. మళ్ళీ ఆగిందంటే లోపల థర్మోస్టాట్ సంగతి చూడాలి, నన్ను పిలవండి. మీ అంతట మీరు మూత తియ్యొద్దు."

మరను తిప్పింది నేనే. చలికాలం వస్తోంది కదా అని అక్టోబరులో తిప్పాను.

"ఎన్నాళ్ళయింది సార్ ఆగి?"

"మూడు నెలలు."

"మూడు నెలలా!" అని నా వంక, బాత్రూం వంక, హాల్లో ఖాళీ కుర్చీల వంక చూశాడు. "చూసినందుకు మాత్రం ఇవ్వండి. బటన్ నొక్కినందుకు ఏం తీసుకోను."

ఆయన బిల్లుపుస్తకం తీశాడు. అప్పుడు నేనన్న మాట రాయడానికి సిగ్గుగా ఉంది. ఇది నా పుస్తకమే కదా, రాస్తాను.

"కొత్త కాయిల్ వేసినట్టు రాసివ్వండి. థర్మోస్టాట్ కూడా మార్చినట్టు."

"ఇన్సూరెన్సు కోసమా?"

"కాదు. మా అక్కకు చూపించాలి."

ఆయన కళ్ళజోడు దారం సవరించుకున్నాడు. "పాతికేళ్ళ నుంచి చేస్తున్నాను సార్ ఈ పని. తగ్గించి రాయమన్నవాళ్ళున్నారు, అసలు బిల్లే వద్దన్నవాళ్ళున్నారు. పెంచి రాయమన్నది మీరొక్కరే."

"ఆవిడ నా వల్ల బాధపడింది. పెద్ద రిపేరు అని తెలిస్తే..."

"తెలిస్తే?"

 ఆయన ఒక ఖాళీ బిల్లు చింపి, అడుగున సంతకం చేసి ఇచ్చాడు. "సంతకం నాది. మిగతాది మీ ఇష్టం. అబద్ధం మాత్రం నా చేత్తో రాయను."

వెళ్ళేటప్పుడు మెట్ల మీంచి వెనక్కి తిరిగి, "ఆవిడకి చెప్పండి సార్, గీజరు బంగారంలా ఉందని" అన్నాడు.

గోటితో పోయేది గొడ్డలి దాకా తెచ్చుకోవడమంటే ఎన్నోసార్లు విన్నాను, అన్నాను కూడా. నిజంగా గోటితో పోయేది ఇదొక్కటే చూశాను.

జనవరి 26

వేడినీళ్ళతో స్నానం చేశాను. వేడిగానే ఉన్నాయి.

జనవరి 27, సోమవారం

బిల్లు నింపాను. కాయిల్, థర్మోస్టాట్, మెగ్నీషియం కడ్డీ, ట్యాంకు లోపల పేరుకున్న సున్నం తీసినందుకు, ఇద్దరు మనుషుల కూలి. మొత్తం కట్టి చూస్తే కొత్త గీజరు ధరలో మూడొంతుల పైన తేలింది. నా పుస్తకం తొమ్మిదో పేజీలో నేనే రాశాను: గీజరు ఎనిమిదేళ్ళు దాటి, రిపేరు ఖర్చు కొత్తదాని ధరలో సగానికి మించితే రిపేరు చేయించకండి, కొత్తది కొనండి. మాది తొమ్మిదేళ్ళది. నా దొంగబిల్లు నా పుస్తకం ప్రకారమే తప్పు.

ఇద్దరి కూలి ఒకరి కూలి చేశాను. సున్నం కొట్టేశాను. ఇప్పుడు నమ్మేటట్టుగా ఉంది.

పుస్తకం మొదటి పేజీ మార్చి రాశాను. "తెరిచి చూడకుండా ఖర్చు చెప్పేవాణ్ణి నమ్మకండి. చూసినందుకు ఎంత, పనికి ఎంత, సామానుకు ఎంత అని విడివిడిగా రాయించుకోండి. మార్చిన పాత సామాను మీకు ఇమ్మనండి. చూసినందుకు ఇచ్చే డబ్బు దండగ అనుకుని తెరిపించకుండా కూర్చునే ఇంటివాడంత తెలివితక్కువవాడు మరొకడు లేడు." చివరి వాక్యం ఎడిటరమ్మ కొట్టేసింది. కంపెనీ వాళ్ళు ఇంటివాళ్ళను తిట్టనివ్వరట.

జనవరి 29, బుధవారం

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారు. కాలింది నా చేతులు కాదు.

పన్నెండో తారీఖున జరిగింది జరిగినట్టు రాస్తానని రాశాను. రాయలేదు. "కాచుకోవడం మొదలైంది" అని రాశాను, వాన మొదలైందన్నట్టు. ఎడిటరమ్మతో "కాచుకున్నాం" అన్నాను.

అక్క మోసింది తన నీళ్ళు కాదు. నా నీళ్ళు. తను చన్నీళ్ళే పోసుకునేది, "నాకలవాటేరా" అని. నాకు చిన్నప్పటి నుంచి ఆయాసం, చలి పడదు. ఆరున్నరకు లేచి పెద్ద గిన్నె స్టవ్వు మీద పెట్టేది. కాగాక రెండు మసిగుడ్డలతో రెండు పక్కలా పట్టుకుని, వంటింట్లోంచి హాలు దాటి మోసుకొచ్చి, బాత్రూం ముందు దించి, తలుపు మీద రెండుసార్లు కొట్టేది. పద్దెనిమిది అడుగులు. ఇవాళ లెక్కపెట్టాను. అక్టోబరు ఇరవై ఎనిమిది నుంచి జనవరి రెండు దాకా అరవై ఏడు రోజులు.

నేను లోపల తువ్వాలు కట్టుకుని నిలబడి ఉండేవాణ్ణి. నేను మోస్తానని ఒక్కరోజు కూడా అనలేదు. అనకూడదని కాదు, అనాలని తోచలేదు. అది ఇంకా సిగ్గు.

గిన్నె జారిన చప్పుడు వినగానే లోపల్నుంచి ఏదో అడిగాను. ఏమడిగానో గుర్తులేదు.

జనవరి 30

గుర్తులేదు.

ఫిబ్రవరి 1, శనివారం

రేపు చెల్లి ఇంటికి వెళ్తున్నాను. చెప్పకుండా వెళ్తున్నాను, చెబితే అక్క పడుకుని ఉంటుంది.

బిల్లు చొక్కా జేబులో పెట్టాను. తీశాను. మళ్ళీ పెట్టాను. పెద్ద ఖర్చు పెట్టానని చూస్తే, అందుకే ఇన్నాళ్ళు ఆగాడు పాపం అనుకుంటుంది. అనుకుంటే వస్తుంది. ఈ ఇంట్లో నేనొక్కణ్ణీ ఉండలేను. ఇది మొదటి రోజే రాయాల్సిన వాక్యం.

ఫిబ్రవరి 2, ఆదివారం

బస్సు గంటంపావు. చెల్లి తలుపు తీసి, నన్ను చూసి, పక్కకు జరగలేదు.

"అక్క..." అన్నాను.

"మేలుకునే ఉంది. ఎద్దు పుండు కాకికి ముద్దా అన్నట్టు, నీకు ఇన్నాళ్ళకి తీరిందా అన్నయ్యా?"

నెల రోజులు! డ్రస్సింగు చేయించిన రోజు డాక్టరు గది బయట కూర్చున్నాను, నాకు పుండ్లు చూస్తే కళ్ళు తిరుగుతాయని. ఆ తర్వాత కూడా చూడలేదు. అక్క పాదం ఎలా ఉందో నాకు తెలియదు. గుమ్మంలో నిలబడి ఉండగా ఆ సంగతి తట్టింది.

అక్క కిటికీ పక్క కుర్చీలో కూర్చుని ఉంది. ఎడమ కాలు స్టూలు మీద, కట్టుతో. చిక్కిపోయింది. నన్ను చూసి, "తిన్నావా?" అంది. ఎప్పుడూ అనేదే.

తిన్నానన్నాను. ఏం తిన్నావని అడుగుతుందేమోనని భయపడి వెంటనే గీజరు బాగైందన్నాను. బిల్లు తీసి ఇచ్చాను. అక్క కళ్ళజోడు పెట్టుకుని పైనుంచి కిందిదాకా చదివింది. ఏ బిల్లయినా అలాగే చదువుతుంది.

"ఇంత అయిందా! పాపం" అంది.

నేను కోరుకుని వచ్చిన మాట అదే. వినగానే నా వల్ల కాలేదు.

"అక్కా, అది అబద్ధం. నేనే రాశాను. ఏం పాడవలేదు. లోపల ఒక బటన్ ఉంది. నొక్కితే వచ్చేసింది. చూసినందుకు తీసుకున్నాడు, అంతే."

చెల్లి వెనకనుంచి ముందుకు వచ్చింది. "బటనా?"

"బటన్."

"అక్క కాలు ఇలా అయింది ఒక బటన్ నొక్కించలేకనా? నీ పుస్తకం కోసమా?" ఇంకా చాలా అంది. అన్నీ రాయను. ఒక్కటీ తప్పు మాట కాదు.

అక్క బిల్లు నాలుగు మడతలు పెట్టి ఒళ్ళో పెట్టుకుంది. "బటన్ సంగతి వదిలెయ్యవే. అది మెకానిక్కులకు తెలుస్తుంది గానీ వీడికేం తెలుస్తుంది, నాకేం తెలుస్తుంది" అని చెల్లితో అని, నా వంక చూసింది. "ఆ రోజు గిన్నె జారినప్పుడు లోపల్నుంచి ఒక మాటన్నావు. గుర్తుందా?"

గుర్తులేదు అనబోయాను. నోటిదాకా వచ్చింది. ఈ పుస్తకంలో మూడుసార్లు రాసి అలవాటైపోయిన మాట.

"గుర్తుంది."

"చెప్పు."

"ఎందుకక్కా..."

"నీ నోటితో ఒకసారి చెప్పరా. నేను విన్నది నిజమో కాదో నాకు తెలియాలి. నెల నుంచి అదే ఆలోచిస్తున్నాను. అలా అని ఉండడు, చప్పుడులో సరిగ్గా వినలేదేమో అనుకుంటున్నాను."

చెప్పాను. "'నీళ్ళన్నీ పోయాయా అక్కా' అన్నాను."

చెల్లి చప్పున అక్క వంక తిరిగింది. అప్పుడర్థమైంది, ఆ మాట అక్క చెల్లికి చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు. చెల్లి నా మీద ఇన్నాళ్ళూ కోపంగా ఉన్నది కాలు కాలినందుకే. చెల్లి గదిలోంచి వెళ్ళిపోయింది. వంటింట్లో కొళాయి తిప్పిన చప్పుడు, చాలాసేపు కట్టలేదు.

"అయితే సరిగ్గానే విన్నాను" అంది అక్క.

నేను నేల మీద కూర్చున్నాను. క్షమించమనాలని ఉంది. ఆ మాట మరీ చిన్నది.  గోడ గడియారం పన్నెండు కొట్టింది.

"కట్టు మార్చే టైమైంది. అది వంటింట్లోంచి రాదిప్పుడు. మందు ఆ అలమర్లో ఉంది" అంది.

చేతులు కడుక్కుని వచ్చాను. కట్టు విప్పడం రాదు నాకు. చివర ఎక్కడుందో అక్కే చూపించింది. ఒక్కొక్క చుట్టూ విప్పుతుంటే కింది పొర తడిగా అంటుకుని ఉంది. నీళ్ళతో తడిపి మెల్లగా తియ్యమంది. తీశాను.

చీలమండ నుంచి వేళ్ళ దాకా పాదం పైభాగమంతా ఉంది. అంచుల్లో కొత్త చర్మం గులాబీరంగులో, పలచగా మెరుస్తోంది. మధ్యలో అరచెయ్యంత మేర ఇంకా పచ్చిగానే ఉంది. చిటికెన వేలి గోరు లేదు. కళ్ళు తిరుగుతాయనుకున్నాను, తిరగలేదు. ఈ పాదంతో డాక్టరు గదికి నడిచి వెళ్ళింది. నేను టాక్సీలో ముందు సీట్లో కూర్చున్నాను.

అక్క పుండు వంక చూడటం లేదు. నా మొహం వంకే చూస్తోంది.

"నొప్పిగా ఉందా అక్కా?"

 గడ్డం కొంచెం వణికింది. బావ పోయిన రోజు తర్వాత అక్క ఏడవడం మళ్ళీ ఇవాళే చూశాను.

"ఉందిరా" అంది. "అందరికీ లేదు లేదని చెప్తున్నాను. బాగా ఉంది."

మందు రాశాను. వేలికి తగిలిన చోటల్లా తను ఊపిరి బిగబట్టేది, నేను ఆగేవాణ్ణి. మళ్ళీ మొదలుపెట్టేవాణ్ణి. అరగంట పట్టింది. చెల్లి రోజూ పది నిమిషాల్లో చేసేస్తుందట.

ఇంటికి ఎప్పుడొస్తావని అడగలేదు. కట్టు ఎంత వదులుగా కట్టాలో అడిగాను, చెప్పింది. రోజూ మార్చాలట. రేపటికి ఆఫీసుకు సెలవు పెట్టాను. మొదటి బస్సు ఆరుంపావుకు.